మట్టి అంటని చెప్పులు

పోయిన నెల మా అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చి నా మణికట్టుకు ఒక గడియారం కట్టి పోయింది. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు రోజుకు ఇన్ని అడుగులని నడవాలట, ఆ అడుగులను ఈ గడియారమే లెక్కపెడుతుందట, ఆ లెక్క తన ఫోనులో కూడా కనిపిస్తుందట కాబట్టి నేను బద్ధకిస్తే అక్కడ కూర్చునే పట్టేస్తుందట. సరే అన్నాను, ఈ వయసులో పిల్లలు ఏది కడితే అది కట్టించుకోవడమే మన పని కదా. మర్నాడు పొద్దున రోట్లో పల్లీల పచ్చడి నూరి, చెయ్యి కడుక్కుంటూ చూసుకుంటే, పీట మీంచి లేవకుండానే నేను మూడు వందల పన్నెండు అడుగులు నడిచినట్టు చూపించింది. సాయంత్రం మా అమ్మాయి ఫోను చేసి బాగా నడుస్తున్నావమ్మా అని మెచ్చుకుంది కూడా. ఇంకెవరైనా అయితే ఈ మాట పదిమందికి చెప్పి నవ్వించేవాళ్ళు. నాకు నవ్వు రాలేదు. గడియారం విప్పి బీరువాలో పెట్టేశాను. ఎందుకో చెప్పాలంటే ముప్పై అయిదేళ్ళు వెనక్కి పోవాలి, అంత దూరం పోయే ఓపిక ఈమధ్య తగ్గింది, అయినా చెబుతాను.

నేను పుట్టి పెరిగింది నందికొండలో. మా బాపు కాలువ మీద నీటిమట్టం చూసి రాసే ఉద్యోగి. గట్టున గీతలు గీసిన రాయి ఒకటి ఉండేది, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి సైకిల్ మీద పోయి నీళ్ళు ఏ గీత దగ్గర ఉన్నాయో చూసి పుస్తకంలో రాసుకుని రావాలి. ఎండాకాలం కాలువలో చుక్క నీరు లేని రోజుల్లో కూడా బాపు పోయి, ఆ ఎండిన రాయిని చూసి, సున్నా రాసి వచ్చేవాడు. తోటి వాళ్ళలో కొందరు ఇంట్లో కూర్చునే నిన్నటి అంకెకు కాస్త అటో ఇటో వేసి రాసేస్తారని తెలిసినప్పుడల్లా ఆయనకు ఒళ్ళు మండేది, కంటితో చూడని అంకె రాసేవాడికి అన్నం ఎట్లా సహిస్తుందో అని అమ్మతో అనేవాడు. సైకిల్ వెనక కూర్చుని ఆయనతో తిరిగిన దాన్ని కాబట్టి కొలవడం అనేది నాకు పుట్టుకతో వచ్చిన విద్య అనుకునేదాన్ని. ఎంత పొగరు.

ఇంజనీరింగు అయ్యాక హైదరాబాదులో వైద్య పరికరాల మీద పరిశోధనకు చేరాను. బయోమెడికల్ ఇంజనీరింగు అనే మాట అప్పట్లో మా చుట్టాలెవరికీ నోరు తిరిగేది కాదు. మా మేనమామ పెళ్ళిళ్ళలో కనిపించినప్పుడల్లా, సూది వేస్తావా, మోటారు బిగిస్తావా, రెంటిలో ఏదో ఒకటి తేల్చి చెప్పు అని ఆటపట్టించేవాడు. మా ప్రయోగశాల ఒక పాత భవనం కింది అంతస్తులో, సైకిల్ స్టాండుకు ఆనుకుని ఉండేది. అయిదుగురం విద్యార్థులం. ఒకరు గుండె కొట్టుకోవడాన్ని కాగితం మీద గీసే యంత్రంతోనూ, ఇంకొకరు పసిపిల్లలకు చెవులు వినిపిస్తున్నాయో లేదో చూసే పెట్టెతోనూ కుస్తీ పడుతుండేవాళ్ళు. కరెంటు పోతే అందరం వరండాలో కూర్చునేవాళ్ళం, వస్తే లోపలికి పోయేవాళ్ళం, మళ్ళీ పోతే మళ్ళీ వరండా. ఒక చిన్న విడిభాగం కోసం కోఠీలో దుకాణాలన్నీ తిరిగి, దొరకక, ఇంట్లో పాత రేడియో విప్పి పీక్కొచ్చిన రోజులు మీలో కూడా కొందరికి గుర్తుండే ఉంటాయి. మేం చేసే పనితో మనుషుల ఆరోగ్యం బాగుపడుతుందని నిజంగా నమ్మేవాళ్ళం. ఆ నమ్మకాన్ని ఇప్పుడు తలుచుకుంటే గర్వం కంటే అలసటే ఎక్కువ కలుగుతుంది.

నాకు వచ్చిన పని చెప్పుల పని. నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి వచ్చేవాళ్ళలో కుష్ఠు తగిలి నయమైనవాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు. ఊళ్ళలో దాన్ని పేరు పెట్టి పిలవరు, పెద్దరోగం అంటారు. మంచి మందులు అప్పుడప్పుడే వచ్చాయి, వరసగా మింగితే జబ్బు చచ్చేది, కానీ చచ్చిన నరం మళ్ళీ బతికేది కాదు. అరికాలికి స్పర్శ ఉండదు. ముల్లు గుచ్చుకున్నా, నిప్పు తగిలినా, రాయి కోసినా తెలియదు, తెలియని దెబ్బ మీదే మళ్ళీ నడుస్తారు, పుండు ఎముక దాకా పోతుంది, చివరికి కాలే తీసెయ్యాల్సి వస్తుంది. అందుకని దవాఖానల్లో వాళ్ళకు మెత్తటి రబ్బరు చెప్పులు ఇచ్చేవాళ్ళు. చెప్పులు ఇచ్చినా పుండ్లు వస్తూనే ఉండేవి. చెప్పుల్లో లోపమా, అసలు తొడుక్కోవడం లేదా అన్నది ఎవరికీ తేలలేదు. అడిగితే అందరూ తొడుక్కుంటున్నామనే చెప్పేవాళ్ళు, పెద్ద డాక్టరు ముందు నిలబడి లేదని ఎవరంటారు? మనుషుల మాట నమ్మలేం కాబట్టి చెప్పులోనే అడుగులు లెక్కపెట్టే పెట్టె ఒకటి పెడదామని మా సారు, అంటే నా పరిశోధనకు మార్గదర్శకులు, అన్నారు. మనుషుల మాట నమ్మలేం అన్నది నాకు అప్పుడు ఎంత శాస్త్రీయంగా వినిపించిందో.

పెట్టె తయారీ మాత్రం ముచ్చటగా సాగింది. జేబులో పట్టే కాలిక్యులేటర్లు అప్పుడు కొత్త. ఒకటికి ఒకటి కూడి, సమానం గుర్తు మీట నొక్కుతూ పోతే అంకె ఒక్కొక్కటే పెరుగుతుందని మీకు తెలిసే ఉంటుంది. ఆ మీటకు బదులు రెండు తీగలు బయటికి లాగి, అడుగు పడినప్పుడల్లా అవి కలిసేట్టు చేస్తే చాలు. మొదట మడమ కింద రేకు పెట్టాను, బరువు పడితే నొక్కుకునేట్టు. మట్టి దూరి వారంలోనే పాడైపోయింది. అప్పుడు రేకు తీసేసి, చిన్న గొట్టంలో ఇనుప గుండు, దాని కింద సన్నటి స్ప్రింగు పెట్టి, కుదుపుకు గుండు ఎగిరి తీగలను తాకేట్టు మార్చి, అంతా ఒక చిన్న డబ్బాలో పెట్టి చెప్పు వెనక పట్టీకి బిగించాను. ఎంత తిప్పినా పాడు కాలేదు. నాతోపాటు చదివే స్నేహితురాలు మాత్రం, దీన్ని బర్రె మెడలో కట్టినా అడుగులు చెబుతుంది కదే అని నవ్వింది. నేనూ నవ్వాను. బర్రెలకు చెప్పులు ఇవ్వడం లేదు కదా అన్నాను.

నకిరేకల్ దాటి కేతేపల్లి వైపు పోయే దారిలో ఒక చిన్న దవాఖాన ఉండేది, పేరు ఇక్కడ అవసరం లేదు. వారంలో ఒకరోజు అక్కడ చర్మవ్యాధులు చూసేవాళ్ళు. అక్కడ సైకిల్ మీద ఊరూరా తిరిగి మందులు పంచి, పుండ్లు కడిగి కట్టుకట్టే ఉద్యోగి ఒకాయన ఉండేవాడు, తెల్ల గడ్డం, ఎప్పుడూ మడత నలగని లాల్చీ, ఊళ్ళో అందరూ చాచా అనేవాళ్ళు, నేనూ చాచా అనే పిలిచాను. పన్నెండుమందిని ఎంచి ఇచ్చింది ఆయనే. అందులో ఒకామెను చూపిస్తూ, ఈమె కాలు మాత్రం నువ్వు కనిపెట్టుకుని చూడాలి బేటీ అని మరీ మరీ చెప్పాడు. కుడి కాలి పుండు మానడానికి ఆయనకు రెండేళ్ళు పట్టిందట. మళ్ళీ తిరగబెడితే కాలు దక్కదని డాక్టరు చెప్పేశాడట.

ఆమెకు నలభై అయిదు దాటి ఉంటాయి, పెద్దమ్మా అని పిలిచేదాన్ని. జబ్బు బయటపడగానే అత్తగారింటి నుంచి పంపేస్తే తమ్ముడి ఇంటి వెనక చిన్న కొట్టంలో వేరుగా వండుకుని బతికేది. మూసీ కాలువ కింద కూరగాయలు పెట్టే రైతుల దగ్గర వంకాయలో బెండకాయలో తీసుకుని గంపకెత్తుకుని నాలుగైదు ఊళ్ళు తిరిగి అమ్మేది. కాలు ఉన్నంతవరకే తమ్ముడి భార్య ఆమెను ఆ కొట్టంలో ఉండనిస్తుందని ఆమెకు తెలుసు, చాచాకు తెలుసు, నాకూ చెప్పారు. కాబట్టి ఆ కాలు పోతే ఏమేమి పోతాయో నాకు తెలియదని అనడానికి లేదు.

చెప్పులు ఇచ్చిన రోజు నేను ఆమెకు చాలా జాగ్రత్తలు చెప్పాను. డబ్బా తడవొద్దు, మట్టి పోవొద్దు, ఎవరి చేతికీ ఇవ్వొద్దు, నెల నెలా తెచ్చి నాకు చూపించాలి. తొడుక్కోవాలని కూడా చెప్పాను, కానీ అది చెప్పుల విషయంలో వేరే చెప్పాల్సిన మాట కాదనుకుని ఒక్కసారే చెప్పినట్టు గుర్తు. ఆమె డబ్బాను వేలితో తాకకుండా దూరం నుంచే చూసి, గిది ఖరాబైతే నిన్ను ఫేల్ చేస్తరా బిడ్డా అని అడిగింది. నాకు ఆ మాట విని ముచ్చటేసింది. నవ్వి, అవును పెద్దమ్మా, నా చదువంతా నీ కాళ్ళ దగ్గరే ఉంది అన్నాను. పరాచికానికి అన్నాను. ఆమె నవ్వలేదు, తల ఊపింది.

ఆ తర్వాత నాలుగు నెలలు నా జీవితంలో చాలా సంతోషంగా గడిచిన నెలలు, అది ఒప్పుకోవాలి. నెలకోసారి తెల్లారి బస్సెక్కి, దుమ్ములో మునిగి దిగి, దవాఖాన వసారాలో బెంచీ మీద కూర్చుని డబ్బాలు తెరిచి అంకెలు రాసుకునేదాన్ని. పన్నెండుమందిలో కొందరి డబ్బాల్లో అంకె కదలనే లేదు, చెప్పులు గూట్లో పెట్టుకున్నారన్న మాట. పెద్దమ్మ అంకె మాత్రం అందరికంటే పైన. నాలుగైదు ఊళ్ళు గంపతో తిరిగే మనిషికి ఎంత ఉండాలో సరిగ్గా అంత ఉండేది. మా సారు ఆ అంకెల గ్రాఫును గోడమీద పెద్దగా గీయించి, వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. రెండో నెలలో చెప్పులను తిరగేసి చూసినప్పుడు అడుగుభాగం అరగలేదని గమనించాను. అంచులకు కూడా మట్టి లేదు. రబ్బరు నాణ్యత బాగున్నది అని పుస్తకంలో రాసుకున్నాను. బాపు కూతుర్ని.

కాలు ఎవరూ చూడలేదా అంటే, చూసే మనిషి లేడు. ఆ నెలల్లోనే చాచాను పాలమూరు జిల్లాలో ఊళ్ళు తిరిగి కొత్త రోగులను వెతికే పని మీద పంపారు. ఆయన బదులు వచ్చినతను మాత్రలు కిటికీలోంచి ఇచ్చి పంపేసేవాడు. పెద్దమ్మ నేను రాకముందే చెప్పులు బెంచీ మీద పెట్టేసి, దూరంగా కింద కూర్చుని, చీర కుచ్చిళ్ళు కాళ్ళ మీదికి లాక్కునేది. ఆ జబ్బు వచ్చినవాళ్ళందరూ అట్లాగే కూర్చుంటారు, నేనూ అలవాటు పడిపోయాను. కాళ్ళు చూడడం నా పని అని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. నాది యంత్రం పని. ఆ వసారాలో ఆమె కాలికీ నా పుస్తకానికీ మధ్య రెండు గజాల దూరం ఉండేదేమో, నాలుగు నెలల్లో నేను ఆ రెండు గజాలు లేచి పోలేదు.

వానలు పడ్డాక, అయిదో నెలలో పోయినప్పుడు చాచా తిరిగి వచ్చి ఉన్నాడు. నేను బస్సు దిగేసరికి పెద్దమ్మను బల్ల మీద కూర్చోబెట్టి, కాలికి చుట్టిన చీరపేలిక తడిపి తడిపి ఊడదీస్తున్నాడు. వాసన వసారా దాకా వచ్చింది. ఆమెకు నొప్పి లేదు కాబట్టి ముఖం మామూలుగానే ఉంది, నన్ను చూసి నవ్వింది కూడా. చాచా పుండు చుట్టూ వేలితో నొక్కి చూశాడు. ఆమెకు జ్వరం ఎన్ని రోజుల నుంచి అని అడిగాడు, ఆమె వేళ్ళు లెక్కపెట్టింది. తర్వాత నావైపు తిరిగాడు.

"నెల నెల వచ్చినవు గద బేటీ. ఒక్కపారన్న కాలు చూడలేదా?"

నేను అడుగుల లెక్క బాగానే ఉంది చాచా, చెప్పులు రోజూ తొడుక్కుంటోంది అన్నాను. ఆ క్షణంలో కూడా లెక్కే చెప్పాను. చాచా ఆమెనే అడిగాడు, చెప్పులు ఏవి అని. ఆమె పక్కనున్న గుడ్డసంచి తీసి, అందులోంచి తువ్వాల మూట తీసి, మడతలు ఒక్కొక్కటే విప్పింది. చెప్పులు నేను ఇచ్చిన రోజు ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి.

"నేను గివి ఏసుకుంటనా చాచా, పొలాల గట్లమీద బురద, తొవ్వపొంటి కంకర. సంచిల పెట్టుకొని భుజానికి తగిలిచ్చుకొని తిరిగిన. ఆడవిల్ల సదువు ఖరాబు గావొద్దని నీళ్ళసుక్క తగలనియ్యలే. ఒక్కదినం గూడ ఇంట్ల ఇడిసి పోలే, యాడికి పోతె ఆడికి ఎంబటే తీస్కపోయిన."

ఆ మాటలు ఆమె నాకు సంజాయిషీగా చెప్పలేదు, శుభవార్త చెప్పినట్టు చెప్పింది. నేను ఆమెకు అప్పజెప్పిన పని తప్పులేకుండా చేసింది. సంచి భుజాన ఊగినప్పుడల్లా లోపల గుండు ఎగిరింది, అంకె పెరిగింది. డబ్బా తెరిచి చూశాను, చూడకుండా ఉండలేకపోయాను, ఆ నెల అంకె కూడా అందరికంటే పైనే ఉంది. జ్వరంతో, చీము కాలితో కూడా ఆమె ఊళ్ళు తిరిగిందన్న మాట.

నన్ను ఇప్పటికీ తినేసేది ఇంకొకటి ఉంది. కొత్త చెప్పులు చేతపట్టుకుని నడవడం నేను చూడని సంగతి కాదు. మా అవ్వ పెళ్ళికో జాతరకో పోతే ఊరి పొలిమేర దాకా చెప్పులు చంకలో పెట్టుకుని పోయి, జనం కనిపించే చోట తొడుక్కునేది. మా ఇళ్ళలో అందరూ అంతే, విలువైన వస్తువును కాలికి వేసి అరగదియ్యడానికి మనసొప్పదు. పై చదువులు చదివిన పట్నపు పిల్లకు తెలియకపోతే తెలియదు అనుకోవచ్చు. నాకు తెలుసు. తెలిసిన దాన్ని మరిచిపోయేదాకా చదువుకున్నాను.

పెద్దమ్మను హైదరాబాదు పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. మా సారు చెడ్డ మనిషి కాదు, విన్నప్పుడు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, ఆమెకు తోడు ఎవరున్నారని అడిగారు. ఆ తర్వాత, ఆమె అంకెల వరసను పట్టికలోంచి తీసెయ్యి, ఒకరి విషయంలో పరికరం తప్పు లెక్క ఇచ్చిందని నీ పరిశోధన గ్రంథం చివర ఒక మాట రాయి అన్నారు. కుదరదు, జరిగింది జరిగినట్టు రాస్తానని నేను గట్టిగా అన్నానని చెప్పుకోవాలని ఉంది కానీ, అనలేదు. పరిశోధనలో చేరి అప్పటికే నాలుగేళ్ళు అయింది, ఇంట్లో బాపుకు పదవీ విరమణ దగ్గర పడింది, నేను బాగా అలిసిపోయాను. ఒక మాట రాశాను. పరికరం తప్పు లెక్క ఇచ్చింది. నిజానికి పరికరం తప్పేమీ లేదు, ఊగమంటే ఊగింది.

ఆమెను చూడడానికి ఒక్కసారే పోయాను. వార్డులో చివరి మంచం. దుప్పటి కింద ఒకవైపు చదునుగా ఉంది, నేను అటు చూడకూడదని అనుకుంటూనే చూశాను, ఆమె చూడనిచ్చింది. తమ్ముడు వస్తున్నాడా అని అడిగితే, పని ఉంది గద బిడ్డా అంది. కాసేపటికి తనే నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"మరి పాసైనవా?"

నేనింకా ఆ గ్రంథం రాసి ఇవ్వనే లేదు. ఇంకా ఏడాది పట్టేట్టుంది. అయినా పాసైన పెద్దమ్మా అన్నాను. మంచిగైంది అంది ఆమె, నా చెయ్యి వదిలి దుప్పటి సర్దుకుంది. నిజంగా పట్టా చేతికొచ్చాక పోయి చెప్పలేదు. చెప్పాల్సింది ముందే చెప్పేశాను కదా, మళ్ళీ ఏ మొహంతో పోయేది? తమ్ముడి ఇంట్లో ఉండనియ్యలేదని, పాలమూరు వైపు కుష్ఠు నయమైనవాళ్ళ కోసం పెట్టిన ఆశ్రమంలో చాచా చేర్పించాడని ఎవరో అంటే విన్నాను. ఆ పైన ఆమె సంగతి నాకు తెలియదు, తెలుసుకోలేదు అనడమే సబబు.

ఇప్పుడు ఆ దారంతా మారిపోయింది. కేతేపల్లి దగ్గర పెద్ద రోడ్డు, అటూ ఇటూ దాబాలు. ఆ జబ్బు కూడా చాలావరకు తగ్గిందంటారు, కంటికి కనపడ్డం తగ్గిన మాట మాత్రం నిజం. చెప్పులు చేతపట్టుకుని నడిచేవాళ్ళు ఎక్కడా కనిపించరు, కూలికి పోయేవాళ్ళ కాళ్ళకు కూడా బూట్లు ఉన్నాయి, అది సంతోషించాల్సిన మార్పే, సంతోషిస్తున్నాను. నేను పాఠం చెప్పిన కాలేజీలో పిల్లలు ఇప్పుడు ఇంతకంటే వందరెట్లు మంచి యంత్రాలు చేస్తున్నారు. రోగి ముఖం చూడకుండానే ఇంట్లో కూర్చుని అతని నడక, నిద్ర, గుండె అన్నీ చదివేస్తున్నారు. పరాయి పిల్ల చదువు పాడవుతుందని దిగులుపడే మనుషులు ఆ అంకెల వెనక ఇంకా ఉన్నారో లేదో నాకు తెలియదు, ఉన్నా ఈ పిల్లలకు తెలిసే దారీ లేదు. నా చదువును సంచిలో పెట్టుకుని, వట్టి కాళ్ళతో అయిదు నెలలు మోసింది ఆమె. ఆ చదువుతో వచ్చిన ఉద్యోగం ముప్పై ఏళ్ళు చేసి, ఇవాళ పింఛను తింటున్నది నేను.